చారాణా కోడికి బారాణా మసాలా

మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో పదకొండు సైకిళ్లున్నాయి. పిల్లలవి వదిలేసి, పెద్దవాళ్లవే లెక్కపెట్టా. రోజూ కదిలేవి మాత్రం రెండే. ఒకటి వాచ్‌మన్‌ది. రెండోది ఇస్త్రీ బట్టలు తెచ్చే అబ్బాయిది. ఆ రెంటి ఖరీదూ కలిపినా మిగతా తొమ్మిదింట్లో చవకైన దానికి కూడా సరితూగదు. ఆ తొమ్మిదీ స్తంభాలకు ఆనుకుని, సీట్ల మీద పాలిథిన్ కవర్లు తొడుక్కుని, దుమ్ము కప్పుకుని తపస్సు చేస్తున్నాయి.

ఈ లెక్క ఇప్పుడెందుకంటే... మా ఆయన పన్నెండోది కొంటానన్నారు. ఖరీదు 72 వేల రూపాయలు!

నవ్వులాట కాదులెండి. వాళ్ల ఆఫీసులో పెట్టిన వైద్య శిబిరంలో రక్తపరీక్ష చేశారు. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే గడప దాకా వచ్చినట్టు, 6.5 దాటితే ఇంట్లోకి వచ్చేసినట్టు. వాళ్ల నాన్నగారికి షుగరుతోనే కాలి వేళ్లు రెండు తీసేశారు. ఆ డ్రెస్సింగులు మార్చింది నేనే. అందుకే సైకిల్ వద్దు అనే ధైర్యం నాకు లేదు. కానీ 72 వేలా అని అడగాలి కదా. చీటీ పాడిన లక్ష రూపాయలు బ్యాంకులో ఉన్నాయి. అవి పాప స్కూలు ఫీజుకని పక్కన పెట్టినవి.

చివరికి ఒప్పందం కుదిరింది. నేను రెండు వారాలు వాకబు చేస్తా. ఈలోగా ఆయన సెల్లార్లో సైకిల్ ఒకటి అడిగి తెచ్చుకుని తొక్కాలి. బీ బ్లాకు ఆయన్ని అడిగితే క్షణం ఆలోచించలేదు. "తీసుకెళ్లండి బ్రదర్, ఎవరో ఒకరు తొక్కితే దానికీ మంచిది" అన్నారు. 2020లో లాక్‌డౌన్ అయ్యాక 24 వేలు పెట్టి కొన్న సైకిల్ అది. మూడు నెలలు తొక్కారట.

ఎంత పెడితే ఏమొస్తుంది?

దిల్‌సుఖ్‌నగర్‌లో దొరకని వస్తువు లేదంటారు. కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు, చీరల దుకాణాలు, మిర్చీ బండ్లు దాటుకుని సైకిల్ షాపులోకి వెళ్తే, అక్కడి కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న "బడ్జెట్ ఎంత మేడం?" అని. ఎక్కడ తొక్కుతారు, ఎంత దూరం, నడుం నొప్పేమైనా ఉందా... ఇవేవీ అడగలేదు. మా నాన్న కూడా నాతో ఉన్నారు. నకిరేకల్ నుంచి కళ్ల పరీక్షకు వచ్చి, సైకిళ్లంటే నేనూ వస్తా బిడ్డా అని బయల్దేరారు. ముప్పై ఏళ్లకు పైగా అట్లాస్ సైకిల్ మీద బడికి వెళ్లి పాఠాలు చెప్పిన మనిషి ఆయన.

మెట్లు స్థూలంగా ఇవీ. మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్న నల్ల సైకిల్ ఆరు నుంచి ఎనిమిది వేలు. బరువు 20 కిలోల పైమాటే. పది నుంచి పదిహేను వేల మధ్య గేర్లు, ముందు ఫోర్కుకు షాక్ అబ్జార్బర్లు, కళ్లు చెదిరే స్టిక్కర్లు ఉన్నవి. కాలేజీ పిల్లలకు ఇవంటే ప్రాణం. పదిహేను నుంచి ముప్పై అయిదు వేల దాకా హైబ్రిడ్లు. అంటే కొండల సైకిల్‌కీ, రేసు సైకిల్‌కీ మధ్యరకం. బరువు 13 నుంచి 15 కిలోలు. యాభై వేల నుంచి లక్ష దాకా అల్యూమినియం రోడ్ బైకులు, హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా వంగి ఉంటుంది. లక్షన్నర దాటితే కార్బన్ ఫ్రేము, బరువు ఎనిమిది, తొమ్మిది కిలోలు. ఆ పైన కారు ధర దాకా మెట్లున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 72 వేలన్నది ఆ తగ్గింపు పోగా మిగిలిందే!

ఆ 72 వేల సైకిల్ చుట్టూ నాన్న రెండుసార్లు తిరిగారు.

"గిదేంది బిడ్డా, దీనికి స్టాండ్ లేదు?"

"స్టాండ్ రాదు అంకుల్, బరువు పెరుగుతది" అన్నాడు కుర్రాడు.

"క్యారేజీ?"

"రాదు అంకుల్."

"మడ్‌గార్డులు? గంట?"

గంట ఉందన్నాడు. బొటనవేలంత ఉంది.

"మరి లైట్?"

కుర్రాడు నవ్వాడు. లైటు కావాలంటే విడిగా కొనుక్కోవాలన్నాడు. "మా దినాల్ల డైనమో లైట్ లేకుండ రాత్రిపూట పోతే పోలీసోళ్లు ఆపేటోళ్లు. డబుల్స్ పోతే గాలి తీసేటోళ్లు" అన్నారు నాన్న. మేం అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ నవ్వు సంగతి తర్వాత చెప్తా.

ఇంతకీ నాన్న తొక్కిన అట్లాస్... హర్యానాలోని సోనీపత్‌లో 1951లో పుట్టిన కంపెనీ. సాహిబాబాద్‌లో దానికి మిగిలిన ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఆ తేదీన ప్రపంచ సైకిల్ దినోత్సవం! మామూలు సైకిల్ తయారీదారు అట్లా తలుపులు మూసుకున్న ఏడాదే, లాక్‌డౌన్ పుణ్యమా అని నగరాల్లో గేర్ల సైకిళ్ల కోసం జనం క్యూ కట్టారు. మా సెల్లార్లో తొమ్మిదింట్లో అయిదు అప్పటివే.

అయిదు సెకన్ల లక్ష

ఆదివారం తెల్లవారుజామున ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ కింద మీరెప్పుడైనా నిలబడ్డారా? అయిదున్నరకల్లా పది, పదిహేనుమంది చేరతారు. ఒంటికి అతుక్కున్న రంగురంగుల చొక్కాలు, నల్లద్దాలు. కొందరు సాగర్ రోడ్డు పట్టుకుని బీఎన్ రెడ్డి నగర్, తుర్కయాంజల్ మీదుగా ఇబ్రహీంపట్నం చెరువు దాకా వెళ్లొస్తారు. కొందరు విజయవాడ దారిలో హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట వైపు. నేను స్కూటీ మీద వెనకాలే వెళ్లా. గంటన్నర తొక్కారు, గంట సేపు ఇడ్లీ, వడ తిన్నారు. తింటున్నంతసేపూ మాటలన్నీ సైకిళ్ల గురించే. ఎవరి గేరు ఏ రకం, ఎవరి చక్రం ఎన్ని గ్రాములు!

వాళ్లలో ఒకాయన తన కార్బన్ సైకిల్ నాకిచ్చారు. లక్షా నలభై వేలది. ఫ్లైఓవర్ ఒకసారి ఎక్కి రమ్మన్నారు. అబద్ధమెందుకు... హాయిగా ఉంది! పెడల్ మీద కాలు వేయగానే ముందుకు దూకింది. రెండు వేళ్లతో ఎత్తొచ్చు. పెళ్లికి ముందు బీఎస్ఏ లేడీబర్డ్ తొక్కిన కాళ్లు నావి. ఇలాంటిదొకటి ఉంటుందని తెలియక ఇన్నాళ్లూ బతికానా అనిపించింది. తర్వాత అదే ఫ్లైఓవర్ బీ బ్లాకు వాళ్ల సైకిల్ మీద ఎక్కా. ఆయాసం వచ్చింది. మా ఆయన నా మొహం చూసి "చూశావా!" అన్నారు.

చూశాను. కానీ ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశా. ఎక్కుడులో మనకు అడ్డుపడేది బరువు. మా ఆయన 80 కిలోలు. 14 కిలోల సైకిల్‌తో కలిపి 94. తొమ్మిది కిలోల కార్బన్ సైకిల్‌తో 89. తేడా అయిదు శాతం చిల్లర. అదే బలంతో తొక్కితే కాలంలోనూ తేడా అంతే. ఫ్లైఓవర్ ఎక్కడానికి ఆయనకు పట్టేది దాదాపు తొంభై సెకన్లు. అంటే మిగిలేది ఎక్కువలో ఎక్కువ అయిదు సెకన్లు. లక్షకు పైగా ఖర్చుపెట్టి కొన్న అయిదు సెకన్లు! ఆ అయిదు కిలోలు ఆయన నడుం చుట్టూ ఉన్న టైరులోంచి తగ్గినా ఫలితం ఒకటే. ఈ వాక్యం ఆయనకు నచ్చలేదు.

మరి చదును రోడ్డు మీద? అక్కడ బరువు పాత్ర ఇంకా తక్కువ. గంటకు ఇరవై కిలోమీటర్లు దాటాక ప్రధానంగా అడ్డుపడేది గాలి. ఆ గాలికి ఎదురు నిలిచేది సైకిల్ కన్నా మన ఒళ్లే. పటపట కొట్టుకునే వదులు చొక్కా బదులు ఒంటికి సరిపోయే టీషర్టు వేసుకుని, కాస్త ముందుకు వంగితే వచ్చే లాభం, వేలు పోసి కొన్న చక్రాలతోనూ రాకపోవచ్చు. టైర్లలో గాలి సంగతి సరేసరి. ఎంత గాలి ఉండాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. సైకిల్ ట్యూబు తొక్కకపోయినా మెల్లగా గాలి వదులుతుంది. మనలో చాలామంది మెత్తబడ్డ టైర్లతో తొక్కి, సైకిల్ బరువని తిట్టుకుంటాం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు!

గేర్ల విషయంలో మాత్రం డబ్బుకు న్యాయం ఉంది. పాత సైకిల్లో ముందు చక్రానికి 44 పళ్లు, వెనక చిన్న చక్రానికి 18 పళ్లు ఉన్నాయనుకోండి. పెడల్ ఒక్క చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. అదే గేర్ల సైకిల్లో ముందు 24, వెనక 28 పళ్ల మీద గొలుసు వేస్తే చక్రం ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగదు. నెమ్మదిగా పోతాం, మోకాళ్ల మీద భారం పడదు. నలభై దాటబోతున్న మోకాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అయితే ఇరవై ఒక్క గేర్లని మురిసిపోకండి. ముందు మూడు, వెనక ఏడు గుణిస్తే వచ్చిన లెక్క అది. వాటిలో చాలా వరకు ఒకదాన్ని మరొకటి పోలినవే. ఇప్పుడు ఖరీదైన సైకిళ్లలోనే ముందు ఒక్క చక్రం పెట్టి, వెనకవే పెంచుతున్నారు. గేర్లు మార్చే పరికరాల్లో షిమానో అనే జపాన్ కంపెనీవి ఎక్కువ కనిపిస్తాయి. టోర్నీ, ఆల్టస్, ఎసేరా... ఇలా మెట్టుకో పేరు. కింది మెట్టు నుంచి రెండో, మూడో మెట్టుకు వెళ్తే తేడా వేలికి తెలుస్తుంది. ఆ పైన తేడా పర్సుకు ఎక్కువ తెలుస్తుంది.

పది, పదిహేను వేల సైకిళ్ల షాక్ అబ్జార్బర్లు మాత్రం శుద్ధ దండగ. రెండు కిలోల బరువు మోస్తూ, తొక్కే బలంలో కొంత మింగుతూ ముందుకీ వెనక్కీ ఊగుతుంటాయి. మన రోడ్ల గుంతలకు కాస్త వెడల్పు టైరు చాలు.

వాషింగ్ మెషీన్ బేరింగు

స్కాట్లండ్‌లో గ్రేమ్ ఓబ్రీ అనే ఆయన ఉన్నారు. సైకిల్ దుకాణం నడిపి అప్పుల పాలైన మనిషి. గంటలో ఎంత దూరం తొక్కగలరన్నది సైకిల్ ప్రపంచంలో గొప్ప రికార్డు. 1984 నుంచీ అది ఇటలీ వీరుడు ఫ్రాన్సిస్కో మోజర్ పేరున ఉంది. దాన్ని కొట్టాలని ఓబ్రీ తన సైకిల్ తనే కట్టుకున్నారు. అందులో బేరింగులు పాత వాషింగ్ మెషీన్ నుంచి పీకినవి! 1993 జులై 17న నార్వేలోని హామర్‌లో ఆ సైకిల్ మీద గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి రికార్డు బద్దలు కొట్టారు.

ఈ కథ చెప్పగానే మా ఆయన ఫోనులో వెతికి మిగతా సగం చదివి వినిపించారు. ఆరు రోజులకే క్రిస్ బోర్డ్‌మన్ కార్బన్ సైకిల్ మీద ఆ రికార్డును దాటేశారట. నిజమే. పైస్థాయిలో సెకనుకు విలువ ఉంటుంది. అందుకే రేసు సైకిల్ 6.8 కిలోల కన్నా తేలికగా ఉండకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం పెట్టాల్సి వచ్చింది. కానీ మనం హామర్‌కు వెళ్లడం లేదు. హయత్‌నగర్‌కు వెళ్తున్నాం.

ఖరీదైన సైకిల్ కొన్నవాళ్లంతా వెర్రివాళ్లని అనను. ఆ గుంపులో ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నారు. 90 వేల సైకిల్. నాలుగేళ్లయింది, ఏడాదికి అయిదు వేల కిలోమీటర్ల చొప్పున తొక్కారు. అంటే కిలోమీటరుకు నాలుగున్నర రూపాయలు, ఇంకా తగ్గుతోంది. పదిహేను వేలు పెట్టి కొని, పది కిలోమీటర్ల చొప్పున పన్నెండుసార్లు తొక్కి మూలపెట్టిన సైకిల్ కిలోమీటరుకు 125 రూపాయలు పడుతుంది. ఎవరిది దుబారా? పైగా ఆయన బ్రెవేలు చేస్తారు. ఫ్రాన్స్‌లో మొదలైన దూరప్రయాణాలివి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవై గంటల్లో, 400 ఇరవై ఏడు, 600 నలభై గంటల్లో పూర్తి చేయాలి. బహుమతులుండవు, ముందొచ్చినవాడికీ చివరొచ్చినవాడికీ ఒకటే మర్యాద. హైదరాబాద్‌లోనూ వీటిని నడిపే బృందం ఉంది. అన్ని గంటలు జీను మీద కూర్చునేవాళ్లకు తేలికైన సైకిల్, సరైన కొలత, మంచి గేర్లు విలాసం కాదు, అవసరం. ఆయన్ని మొదటి సైకిల్ ఏదని అడిగా. "సెకండ్‌హ్యాండ్‌ది మేడం, ఏడు వేలు. రెండేళ్లు దాని మీదే" అన్నారు.

కొలత అన్నాను కదా. షాపులో ఎవరూ చెప్పని, పైసా ఖర్చులేని సంగతి ఇది. సీటు మీద కూర్చుని, పెడల్ బాగా కిందికి ఉన్నప్పుడు మడమ దాని మీద పెట్టండి. కాలు నిటారుగా రావాలి. అప్పుడు మామూలుగా పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది. మనవాళ్లలో చాలామంది నేల అందాలని సీటు దించేసుకుంటారు. తర్వాత మోకాళ్ల నొప్పులని సైకిల్ మానేస్తారు. మా ఆయన సీటు రెండంగుళాలు లేపించాక "ఇది వేరే సైకిల్‌లా ఉందే" అన్నారు. మెత్తటి జెల్ సీట్లు కూడా మొదటి పది నిమిషాలకే సుఖం. వెయ్యి, పన్నెండు వందలకు దొరికే, లోపల మెత్త ఉన్న నిక్కరు వాటికన్నా నయం. వేసుకోవడానికి కాస్త సిగ్గు, అంతే.

ఇక చైతన్యపురిలో పంక్చర్ దుకాణం నడిపే అన్న చెప్పింది ఏ షాపువాడూ చెప్పడు. ఖరీదైన రోడ్ బైకుల ట్యూబులకు సన్నటి వాల్వులుంటాయి. "గీ సన్న వాల్వ్‌కు మా పంపు పట్టది మేడం. మొన్నొకాయన లక్ష రూపాల సైకిల్ నూకుకుంట వచ్చిండు. నేనేం చేస్త?" అన్నాడు. కొద్ది రూపాయల ఇత్తడి మూత ఒకటి వెంట ఉంటే ఏ పంపుతోనైనా గాలి కొట్టించుకోవచ్చు. హైబ్రిడ్లలో చాలావాటికి స్కూటర్ వాల్వే ఉంటుంది, ఏ గొడవా లేదు. లక్ష సైకిలైనా, ఆరువేల సైకిలైనా మేకు గుచ్చుకుంటే ఆగేది అతని ముందే కదా.

ఆ నవ్వు సంగతి

రెండో వారం, గురువారం. మా ఆయన అయిదుకే లేచి హయత్‌నగర్ దాకా వెళ్లి తిరిగొస్తున్నారు. ఇంకా చీకటే. మా దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ రోడ్డు పేరుకు మెయిన్ రోడ్డు గానీ నిజానికి అది 65వ నంబరు జాతీయ రహదారి. పుణె నుంచి మచిలీపట్నం పోయే దారి. తెల్లవారుజామున విజయవాడ వైపు నుంచి వచ్చే బస్సులన్నీ ఆ సమయానికే ఊళ్లోకి దిగుతాయి. చింతలకుంట దగ్గర ఒక ప్రైవేటు బస్సు ఆయన్ని రాసుకుంటూ వచ్చింది. హ్యాండిల్ తిప్పేసి రోడ్డు పక్కన మట్టిలో పడ్డారు. మోచేయి చీరుకుపోయింది. తలకు హెల్మెట్ లేదు. అదృష్టం, మట్టే తగిలింది.

డ్రైవర్ బస్సు ఆపి పరుగెత్తుకొచ్చాడట. తిట్టలేదట. "లైట్ లేకుండ వస్తే ఎట్లన్నా... నువ్వు నాకు కనబడలే" అన్నాడట. అతని చేతులు వణుకుతున్నాయట. మా ఆయన ఆ మాట రెండుసార్లు చెప్పారు. నాన్న అప్పుడు హాల్లోనే ఉన్నారు. ఏమీ అనలేదు. దూది, డెట్టాల్ తెచ్చిచ్చారు.

మూడు వారాలు ఫోనులో సైకిళ్లు చూసిన మా ఆయనకు గానీ, వారం పాటు వాకబు చేసిన నాకు గానీ లైటు గుర్తు రాలేదు చూడండి! ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు. వెనక మినుకుమినుకుమనే ఎర్ర లైటు, ముందు దారి కనిపించే తెల్ల లైటు... రెండూ కలిపి పదిహేను, పదహారు వందలు. నిద్రమత్తు డ్రైవరు కంట పడేలా మెరిసే జాకెట్టు మూడు, నాలుగు వందలు. చీలమండకు మెరిసే పట్టీ కట్టుకుంటే ఇంకా మేలు. పైకీ కిందికీ కదిలే వెలుగు మనిషని చప్పున తెలుస్తుంది. హెల్మెట్‌కు మాత్రం లోపల యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 గానీ, అమెరికా సీపీఎస్సీ గుర్తు గానీ ఉందా అని చూడండి. అది ఉంటే రెండు వేలది చాలు. అమెరికాలో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం హెల్మెట్లను పరీక్షించి నక్షత్రాలు ఇస్తుంది. తక్కువ ధరవాటికీ అయిదు నక్షత్రాలు వచ్చాయి. ధర పెరిగితే గాలి రంధ్రాలు, తేలిక, అందం పెరగొచ్చు. రక్షణ అదే లెక్కన పెరగదు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాక మాత్రం ఎంత ఖరీదైనదైనా మార్చాల్సిందే.

మిగిలిన సరంజామా? నాలుగు వేల జెర్సీ, ముప్పై వేల జీపీఎస్ మీటరు, పెడల్‌కు టక్కున బిగుసుకునే బూట్లు... ఆ బూట్లతో కొత్తపేట సిగ్నల్ దగ్గర ఒకాయన కాలు విడిపించుకోలేక నిలబడ్డచోటే పక్కకు ఒరిగిపోవడం నేను చూశా. దూరాలు పోయేవాళ్ల సంగతి వేరు, ఈ ట్రాఫిక్‌లో వద్దు. చారాణా కోడికి బారాణా మసాలా అంటారే, అది ఇదే.

ఇదంతా రాస్తున్నప్పుడు ఒక కడుపుమంట కూడా చెప్పుకోవాలి. 2023 అక్టోబరు 1న హైదరాబాద్‌లో సోలార్ పైకప్పుతో సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. 23 కిలోమీటర్లు, 16 మెగావాట్ల విద్యుత్తు. బ్రహ్మాండంగా ఉంది. కానీ ఎక్కడ? నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు. ఎల్బీనగర్ నుంచి దాదాపు ముప్పై కిలోమీటర్లు. మా వైపు వాళ్లు కొందరు ఆదివారాలు కారు వెనక సైకిల్ కట్టుకుని, పెట్రోలు తగలేసుకుని, అక్కడిదాకా వెళ్లి సైకిల్ తొక్కి, మళ్లీ కారెక్కి వస్తున్నారు! ఎల్బీనగర్ చౌరస్తాలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు ఎన్నో వచ్చాయి. 2018 సెప్టెంబరులో మెట్రో వచ్చింది. పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి వెళ్లిపోయింది (మేం ఇప్పటికీ ఆ చోటును పండ్ల మార్కెట్ అనే అంటాం). ఇన్ని మార్పుల్లో సైకిల్‌కు ఒక గజం వెడల్పు గీత కూడా గీయలేదు. రోజూ నల్ల సైకిల్ మీద పనికి పోయే మా వాచ్‌మన్ తమ్ముడికీ, లక్ష రూపాయల కార్బన్ మీద పోయే ఇంజినీరుకూ బస్సు పక్కన దొరికేది అదే సందు.

సరే, మా ఇంటి తీర్పు ఏమైందంటారా? బీ బ్లాకు ఆయన సైకిలే కొన్నాం. 24 వేలది తొమ్మిది వేలకు ఇచ్చారు. ఓవరాయిలింగు, కొత్త ట్యూబులు, బ్రేకు కేబుళ్లు, చక్రాల బెండు తీయడం... 2,600. హెల్మెట్ 2,100. లైట్లు 1,600. తాళం 900. నిక్కరు 1,200. జాకెట్టు 350. మొత్తం 17,750. మా ఆయన మొహం మొదట రెండు రోజులు ముడుచుకునే ఉంది. నేనూ ఒక మాట ఇచ్చా. ఏడాదిలో మూడు వేల కిలోమీటర్లు తిరిగితే, ఆ 72 వేల సైకిల్ గురించి నేనే మళ్లీ ఎత్తుతానని. ఫోనులో లెక్క కట్టే యాప్ పెట్టుకున్నారు. నెలా పది రోజులకు 212 కిలోమీటర్లయింది.

నాన్న ఊరికి వెళ్లేముందు ఇసామియా బజార్ దాకా వెళ్లి ఒక స్టాండు కొనుక్కొచ్చి, దగ్గరుండి బిగింపించారు. బరువు అరకిలో పెరిగింది. అల్లుడు ఏమీ అనలేదు.

రక్తపరీక్ష వచ్చే నెల. ఈ వారం వానలని నాలుగు రోజులు సైకిల్ తీయలేదు. నిన్న సాయంత్రం సెల్లార్లోకి వెళ్లినప్పుడు వెనక టైరు నొక్కి చూశా. కాస్త మెత్తగా ఉంది.